ఒక్కరే క్యాంపర్ ట్రైలర్‌తో బయల్దేరడం ఎలా: ఆస్ట్రేలియాలో మొదటి అడుగులు

నేను మెల్‌బోర్న్ పడమటి శివార్లలో ఉంటాను. క్యాంపర్ ట్రైలర్ కొంటానన్నప్పుడు ఇక్కడి స్నేహితులు, అక్కడ గుంటూరులో అమ్మ, అందరూ అడిగింది ఒకటే: "ఒక్కదానివే ఎలా వెళ్తావే?" నోటితో ఎంత సర్దిచెప్పినా ఆ ప్రశ్న వదల్లేదు. ట్రైలర్‌ని కారుకి తగిలించడం, వెనక్కి తోలడం, గుడారం విప్పడం, పొద్దున్నే మళ్లీ మడిచి మూతేయడం, ఇవన్నీ ఇంకొకరి చెయ్యి పడకుండా చేసి చూపించాకే ఆగింది. మీరూ ఒంటరిగా మొదలుపెట్టాలనుకుంటే ఇదే కొలతగా పెట్టుకోండి. నా రెండు చేతులకి లొంగుతుందా? బండి కొనేటప్పుడూ, సామాను సర్దేటప్పుడూ, ఎక్కడికి వెళ్లాలో అనుకునేటప్పుడూ ముందు ఈ మాట అడగండి.

క్యాంపర్ ట్రైలర్ వేరు, కారవాన్ వేరు. కారవాన్ అంటే చక్రాల మీద గది. క్యాంపర్ ట్రైలర్ ఛాతీ ఎత్తుండే ఇనుప పెట్టె. అందులో ఒక పరుపు, పరుపు మీద మడిచి పెట్టిన కాన్వాసు గుడారం ఉంటాయి. మూత తిప్పితే గుడారం లేస్తుంది. పక్కనుంచి లాగితే చిన్న వంటగట్టు బయటికొస్తుంది. ఎత్తు తక్కువ కాబట్టి హైవే మీద గాలికి అంతగా ఊగదు, చాలావాటి మీదుగా వెనక రోడ్డు కూడా అద్దంలో కనబడుతుంది. పక్క సీట్లో చూసి చెప్పే మనిషి లేనప్పుడు ఇది చాలా పెద్ద విషయం.

ముందు మీ కారు ఎంత లాగగలదో చూడండి

చాలామంది ట్రైలర్ మీద మనసు పడ్డాక కారు గురించి ఆలోచిస్తారు. తిరగేసి చేయండి. కారు మాన్యువల్ తీసి రెండు అంకెలు రాసుకోండి: బ్రేకులున్న ట్రైలర్ అయితే ఎంత లాగొచ్చు, టో బాల్ (కారు వెనక ట్రైలర్ తగిలించే ఇనుప గుండు) మీద ఎంత బరువు మోపొచ్చు. ఒకే పేరున్న కారులో కూడా ఈ అంకెలు మారిపోతాయి. మనవాళ్ల ఇళ్లముందు తరచూ కనబడే టొయోటా రావ్‌ఫోర్ సంగతే చూడండి. 2019లో వచ్చిన తరంలో ఆల్ వీల్ డ్రైవ్ హైబ్రిడ్ 1,500 కిలోలు లాగుతుంది, టూ వీల్ డ్రైవ్ హైబ్రిడ్‌కి 480 కిలోలే పరిమితి. బయటినుంచి చూస్తే రెండూ ఒకేలా ఉంటాయి.

ట్రైలర్ ముందు గొట్టం మీద ఒక రేకు బిగించి ఉంటుంది. దాని మీద టేర్ అంటే ఖాళీ బరువు. ఏటీఎం అంటే సామాను, నీళ్లు, గ్యాస్ అన్నీ కలిపి ఆ ట్రైలర్ దాటకూడని గరిష్ఠ బరువు. ఈ రెండిటి మధ్య తేడాయే మీరు సర్దుకోగలిగే సామాను. టేర్ 950, ఏటీఎం 1,250 అనుకుందాం. మీకు మిగిలింది 300 కిలోలు. నీళ్ల ట్యాంకు 80 లీటర్లయితే 80 కిలోలు అక్కడే అయిపోయాయి. ఫ్రిజ్, బ్యాటరీ, గ్యాస్, పొయ్యి, కుర్చీ, తిండి పోగా మిగిలేది మీరనుకున్నంత ఉండదు.

టో బాల్ మీద పడే బరువు మొత్తం ట్రైలర్ బరువులో పదో వంతు ఉంటే బండి నిలకడగా వస్తుంది. ఆ బరువు కారు మోసే బరువులోకే చేరుతుందని మర్చిపోవద్దు. అంతా సర్దాక ఒక్కసారైనా పబ్లిక్ వేబ్రిడ్జి మీదికి తీసుకెళ్లి తూకం వేయించండి. అంచనా మీద నాకైతే నమ్మకం లేదు.

చక్రాల మీద పడే బరువు 750 కిలోలు దాటితే ట్రైలర్‌కి బ్రేకులు తప్పనిసరి. 2,000 దాటితే అన్ని చక్రాలకీ బ్రేకులుండాలి, ట్రైలర్ ఊడిపోతే తనంతట తాను పడే బ్రేక్‌అవే కూడా ఉండాలి. మొదటి బండికి ఆ 2,000 దరిదాపులకి వెళ్లకపోవడం మంచిది. ఎలక్ట్రిక్ బ్రేకులున్నది తీసుకుంటే కారులో డ్రైవర్ చేతికందేలా బ్రేక్ కంట్రోలర్ బిగించుకోవాలి. లైసెన్స్ విషయానికొస్తే విక్టోరియాలో ఇలాంటి ట్రైలర్‌కి మామూలు కారు లైసెన్స్ చాలు. ఎర్ర పీ ప్లేటు మీద ఉన్నవాళ్లు, అంటే కొత్తగా లైసెన్స్ వచ్చినవాళ్లు మాత్రం సరదా ప్రయాణాలకి ట్రైలర్ లాగకూడదు.

ఏ రకం ట్రైలర్?

మూడు రకాలు ఎక్కువగా కనబడతాయి. సాఫ్ట్ ఫ్లోర్ రకం తేలిక, చవక. కానీ గుడారం నేలంతా పరుచుకుంటుంది, మేకులు చాలా కొట్టాలి, వాన పడితే బురద లోపలికొస్తుంది. వెనక్కి మడిచే హార్డ్ ఫ్లోర్ రకంలో మూతే గట్టి నేల అవుతుంది, చేతి వించి తిప్పితే తెరుచుకుంటుంది. ముందుకి మడిచే రకంలో మూత ముందుకి పడి పరుపుకి ఆధారమవుతుంది, లోపల కూర్చోడానికి చోటుంటుంది, కానీ బరువెక్కువ. ఒంటరి మనిషికి నా ఓటు వెనక్కి మడిచే దానికే. రాత్రి మజిలీకి ఆగినా పది నిమిషాల్లో పడక సిద్ధమవుతుంది. పందిరి, పక్క గుడ్డలు కట్టాల్సిన పని లేదు.

షోరూమ్‌లో అయినా, ఎవరింట్లో పాతది చూస్తున్నా ఒక పద్ధతి పాటించండి. అమ్మే మనిషి ఒకసారి విప్పి చూపించాక మర్యాదగా చెప్పండి: "ఇప్పుడు నేను చేస్తాను, మీరు ముట్టుకోవద్దు." ఫోన్‌ని ఒకచోట ఆనించి వీడియో ఆన్ చేసి మొదటినుంచీ మీరే చేయండి. వించి తిప్పండి. మూత సగంలో, బరువు ఇటా అటా అన్నట్టు ఆగే ఆ క్షణంలో మీ భుజాలకి ఎలా ఉందో గమనించండి. మధ్యలో ఉండే కమ్మీని లోపలినుంచి పైకి తోసి బిగించండి, మీ ఎత్తుకి అందుతుందో లేదో తెలుస్తుంది. తర్వాత మడవండి. మడవడమే అసలు పరీక్ష. కాన్వాసు అంచులు లోపలికి దోపి, మూత వేసి, గొళ్లేలు పడేదాకా ఆగకండి. ఎక్కడైనా "ఎవరైనా ఇటు పట్టుకుంటే బాగుండు" అనిపిస్తే ఆ బండి మీది కాదు. ఎంత అందంగా ఉన్నా వదిలేయండి.

పాతది కొంటుంటే ముందు గుడారంలోకి తల పెట్టి వాసన చూడండి. బూజు వాసన ఒకసారి పట్టిందంటే పోదు, కుట్ల దగ్గర నల్ల చుక్కలుంటాయి. టైరు పక్కన డాట్ అనే గుర్తు దగ్గర చివర నాలుగంకెలుంటాయి. 2319 అంటే 2019లో 23వ వారంలో తయారైంది. గాడులు కొత్తగా ఉన్నా రబ్బరు ముసలిదై ఉండొచ్చు. ముందు గొట్టం వెల్డింగుల దగ్గర పగుళ్లు వెతకండి. బండి గుర్తింపు నంబర్ (వీఐఎన్)తో పీపీఎస్ఆర్ అనే ప్రభుత్వ రిజిస్టర్‌లో 2 డాలర్లు కట్టి చూస్తే దాని మీద అప్పుందో, దొంగసొత్తో తెలిసిపోతుంది.

నేను పాతదే కొన్నాను. బేరింగులు ఈమధ్యే మార్చామన్నాడు అమ్మినాయన. మొదటి దూర ప్రయాణంలో బల్లారట్ దాటాక ఆగి చక్రాల మధ్య హబ్ మీద చెయ్యి పెట్టాను. కుడిది గోరువెచ్చగా ఉంది. ఎడమదాని మీద చెయ్యి ఆగలేదు. అక్కడికక్కడే నెమ్మదిగా వెనక్కి తిప్పి దగ్గర్లో మెకానిక్ దగ్గరికి తీసుకెళ్లాను. లోపల గ్రీజు నల్లగా గట్టిపడి, బేరింగు నీలిరంగుకి తిరిగి ఉంది. అప్పటినుంచి ఎవరేం చెప్పినా పాత ట్రైలర్ కొన్న వారంలోనే రెండువైపులా బేరింగులు మార్పించమనే చెబుతున్నాను. ఆ తర్వాత ఏడాదికోసారి, లేదా 10,000 కిలోమీటర్లకోసారి విప్పించి గ్రీజు పెట్టించండి. దారిలో ఆగిన ప్రతిసారీ హబ్ మీద చెయ్యి పెట్టి చూడండి. రెండువైపులా ఒకేలా వెచ్చగా ఉంటే ఫరవాలేదు.

కొనే ముందు ఒక వారాంతం అద్దెకి తీసుకోగలిగితే అంతకన్నా మంచిది లేదు.

వెనక్కి తోలడం

అందరూ భయపడేది దీనికే. భయం పోవడానికి ఒకటే మందు, ఖాళీ స్థలంలో రెండు మూడు ఆదివారాలు. ఇండస్ట్రియల్ ఏరియాలో సెలవు రోజు ఖాళీగా ఉండే పార్కింగ్ చూసుకోండి. అనుమతి అడగాల్సిన చోటైతే అడగండి.

స్టీరింగ్‌ని పైన పట్టుకోకండి. గడియారంలో 6 అంకె ఉండే చోట, అడుగున, ఒక చేత్తో పట్టుకోండి. ట్రైలర్ వెనక భాగం ఎటు పోవాలో చేతిని అటు జరపండి. కుడికి పోవాలంటే చెయ్యి కుడికి, ఎడమకి పోవాలంటే ఎడమకి. అంతే. పైన పట్టుకుంటే ఇదంతా తలకిందులై బుర్ర తిరుగుతుంది. చిన్న ట్రైలర్ పెద్దదానికంటే చురుగ్గా తిరుగుతుంది కాబట్టి చేతిని కొంచెం కొంచెంగానే జరపాలి. అద్దంలో ట్రైలర్ ఒక పక్క ఎక్కువగా కనబడటం మొదలైందంటే అది అటు తిరుగుతోందని అర్థం. వెంటనే చెయ్యి అటే జరిపితే ఇంకా ముడుచుకుంటుంది, రెండో వైపుకి జరిపితే సర్దుకుంటుంది. కారు, ట్రైలర్ కత్తెరలా దగ్గరికొచ్చాయంటే స్టీరింగ్‌తో కుస్తీ పట్టొద్దు. ఆగి, ముందుకి ఒక బండి పొడవు వెళ్లి, తిన్నగా చేసుకుని మళ్లీ మొదలుపెట్టండి.

మొదట తిన్నగా వెనక్కి వెళ్లడం నేర్చుకోండి. తర్వాత రెండు బకెట్లు పెట్టి వాటి మధ్యలోకి. వీలైతే ట్రైలర్ కుడివైపుకి తిరిగేలా సైట్‌లోకి వెళ్లండి. మన స్టీరింగ్ కుడివైపు కదా, కిటికీలోంచి తల బయట పెడితే ట్రైలర్ చక్రం స్వయంగా కనబడుతుంది. ఎడమవైపు కనబడనప్పుడు సిగ్గుపడకుండా బండి ఆపి దిగి చూడండి. ఐదుసార్లు దిగినా తప్పు లేదు. క్యాంపులో ఎవరో ఒకరు వచ్చి చేతులూపుతూ దారి చూపిస్తారు. మీకు సాయం కావాలనిపిస్తే తీసుకోండి. అక్కర్లేకపోతే "థాంక్స్, నేను నెమ్మదిగా చేసుకుంటాను" అని నవ్వి చెప్పండి. ఇద్దరి మాటలు వింటూ స్టీరింగ్ తిప్పడం కష్టం.

తగిలించే వరస

ఇంట్లోనే పదిసార్లు చేయండి. వరస ఎప్పుడూ మారకూడదు, మధ్యలో ఫోన్ మోగినా ఎత్తకూడదు. ఎవరైనా పలకరించి ఆపితే మళ్లీ మొదటినుంచి.

ట్రైలర్ చక్రాలకి అడ్డు పెట్టండి. ముందున్న జాకీ చక్రం తిప్పి ముక్కుని టో బాల్‌కి పైన ఉండేలా ఎత్తండి. కారుని అంగుళం అంగుళంగా వెనక్కి తీసుకురండి, రివర్స్ కెమెరా ఇక్కడ దేవుడిలా ఆదుకుంటుంది. కప్లింగ్‌ని, అంటే ట్రైలర్ ముక్కు చివరుండే గిన్నె లాంటి పట్టుని, బాల్ మీదికి దించి గొళ్లెం వేసి పిన్ను పెట్టండి. ఇప్పుడు ట్రైలర్ ముక్కు లేచేలా జాకీ చక్రాన్ని మళ్లీ రెండు చుట్లు తిప్పండి. కప్లింగ్ సరిగ్గా పడితే కారు వెనక భాగం కూడా దాంతోపాటు లేస్తుంది. లేవకపోతే పడనట్టే. తర్వాత సేఫ్టీ చైన్లు ఒకదానిమీదొకటి అడ్డంగా వేసి, మోయగల బరువు ముద్రించి ఉన్న షాకిళ్లతో (యూ ఆకారపు ఇనుప కొక్కేలు) బిగించండి. లైట్ల కరెంటు ప్లగ్గు, ట్రైలర్ బ్యాటరీకి కారు నుంచి కరెంటు పంపే ఆండర్సన్ ప్లగ్గు పెట్టండి. జాకీ చక్రం పూర్తిగా ఎత్తి పక్కకి తిప్పి బిగించండి. చేతి బ్రేకు దించండి. చివరికి చక్రాల అడ్డు తీయండి.

ఇక నా పద్ధతి. బయల్దేరే ముందు ఒక్కొక్కదాన్నీ వేళ్లతో తాకుతూ పైకి చెబుతాను: "బాలు, పిన్ను, చైను, ప్లగ్గు, చక్రం, బ్రేకు." కంటితో చూస్తే చూసినట్టే ఉంటుంది, బుర్రకెక్కదు. చెయ్యి తగిలితే పిన్ను సగమే దిగిందన్నది తెలుస్తుంది. బ్రేకు లైట్లు చూడటానికి రెండో మనిషి లేరు కాబట్టి గ్యారేజీ తలుపు దగ్గరికి వెనక్కి తెచ్చి వెలుగు చూడొచ్చు, లేదా ఫోన్‌ని వెనక ఆనించి వీడియో పెట్టి, లోపల కూర్చుని బ్రేకు, రెండు ఇండికేటర్లు ఒకదాని తర్వాత ఒకటి వేసి వచ్చి చూసుకోవచ్చు.

మొదటి రాత్రి మీ ఇంటి ముందే

నవ్వకండి, ఇది నిజంగా చేయాలి. డ్రైవ్‌వేలోనో పెరట్లోనో విప్పి ఒక రాత్రి అందులోనే పడుకోండి. ఏమైనా అవసరమైతే ఇంట్లోకి వెళ్లకుండా గడపాలి. మర్నాడు పొద్దున్నకి మీ దగ్గర ఒక జాబితా తయారవుతుంది. తలకి కట్టుకునే లైటు లేదు, అగ్గిపెట్టె తేలేదు, తెల్లారుజామున మూడింటికి చలి కింది నుంచి వస్తుంది, పరుపు కింద ఏదైనా వేయాలి. కొత్త కాన్వాసు అయితే హోస్‌తో బాగా తడిపి పూర్తిగా ఆరనివ్వండి, అలా రెండు మూడుసార్లు. దారాలు ఉబ్బి కుట్ల రంధ్రాలు మూసుకుంటాయి. ఈ పని చేయని కొత్త గుడారం మొదటి వానలో కుట్ల దగ్గర కారుతుంది.

కరెంటు, నీళ్లు, వంట

లెక్క ఇలా వేసుకోండి. 50 లీటర్ల 12 వోల్టుల ఫ్రిజ్ ఎండాకాలంలో రోజుకి సుమారు 30 నుంచి 40 ఆంపియర్ అవర్లు తాగుతుంది. లైట్లు, ఫోను, నీళ్ల పంపు కలిపి ఇంకో 10. 100 ఆంపియర్ అవర్ల లిథియం బ్యాటరీ ఉంటే ఎండ లేకపోయినా దాదాపు రెండు రోజులు నడుస్తుంది. మామూలు లెడ్ బ్యాటరీ అయితే సగానికి మించి వాడకూడదు కాబట్టి ఒక్క రోజే. 200 వాట్ల సోలార్ ప్యానెల్ మంచి ఎండలో ఆ రోజు వాడిందంతా తిరిగి నింపుతుంది. కారు నడుస్తున్నప్పుడు డీసీ డీసీ ఛార్జర్ నింపుతుంది. ఒక్క మనిషికి ఇంతకు మించి అక్కర్లేదు, ఎక్కువ అమ్మాలని చూస్తే కొనకండి.

నీళ్లు తాగడానికి, వంటకి, గిన్నెలకి కలిపి రోజుకి 10 లీటర్లు చాలు. ట్రైలర్ ట్యాంకు ఎంత పెద్దదైనా కారులో విడిగా 10 లీటర్ల డబ్బా ఒకటి పెట్టుకోండి. గుళకరాయి తగిలి ట్యాంకు కారిపోయిందంటే ఇదే దిక్కు.

వంటకి చిన్న ప్రెషర్ కుక్కర్ నా ప్రాణం. గాలిలో గ్యాస్ మంట ఆగదు, నీళ్లు మరగడానికి ఎంతసేపైనా పడుతుంది. కుక్కర్‌లో అయితే కందిపప్పు, టమాటా, చిటికెడు పసుపు వేసి మూడు విజిళ్లకి దించేయొచ్చు. పోపు సామానంతా ఒకే డబ్బాలో, ఆవకాయ గట్టి మూత సీసాలో. ఇడ్లీ పిండి తీసుకెళ్లకండి. ఫ్రిజ్ బయట ఎండలో పొంగి డ్రాయరంతా అవుతుంది. ఉప్మా రవ్వ ఇంట్లోనే వేయించి పట్టుకెళితే పొద్దున్న పది నిమిషాల పని.

గ్యాస్ పొయ్యి ఎంత వాన పడినా, ఎంత చలిగా ఉన్నా గుడారం లోపలికి తేవద్దు. బొగ్గుల కుంపటి అసలే వద్దు. కార్బన్ మోనాక్సైడ్‌కి వాసన ఉండదు, నిద్రలోనే ప్రాణం తీస్తుంది. పక్కన లేపేవాళ్లు లేరు. చలికి దుప్పటి, వేడినీళ్ల సంచి. ప్రయాణంలో సిలిండర్ వాల్వు కట్టేసి ఉండాలి.

రోడ్డు మీద

బరువైనవన్నీ చక్రాల దగ్గరా, వాటికి కాస్త ముందూ, కిందా ఉండాలి. వెనక చివర బరువు పెడితే ట్రైలర్ తోక ఊపినట్టు ఊగుతుంది. ఊగడం మొదలైతే కారు బ్రేకు గట్టిగా తొక్కొద్దు, స్టీరింగ్ అటూ ఇటూ కొట్టొద్దు. యాక్సిలరేటర్ మీద కాలు తీసి, స్టీరింగ్ తిన్నగా పట్టుకుని, బ్రేక్ కంట్రోలర్ మీద చేత్తో నొక్కే మీట ఉంటుంది, అది నొక్కండి. ట్రైలర్ బ్రేకు పడి కారుని వెనక నుంచి సాగదీసినట్టు తిన్నగా చేస్తుంది. ఈ మీటని ఖాళీ రోడ్డు మీద నెమ్మదిగా వెళ్తూ ముందే వాడి చూడండి. చెయ్యి వెతుక్కోకుండా వెళ్లాలి.

పశ్చిమ ఆస్ట్రేలియాలో ట్రైలర్‌తో గంటకి 100 కిలోమీటర్లు దాటకూడదు. విక్టోరియాలో బోర్డు మీదున్న వేగం వరకు వెళ్లొచ్చు, కానీ నేను 90 దగ్గరే ఉంటాను. వెనక వాళ్లు విసుక్కుంటే ఓవర్‌టేకింగ్ లేన్‌లో వాళ్లే పోతారు. సంధ్యవేళా, తెల్లవారుజామునా, రాత్రీ పల్లె రోడ్లమీద నడపవద్దు. కంగారూలు మేతకొచ్చే సమయమది, ట్రైలర్ ఉన్న కారు మామూలు దూరంలో ఆగదు.

యూహెచ్ఎఫ్ రేడియో ఒకటి పెట్టించుకోండి. హైవే మీద లారీలవాళ్లు 40వ ఛానెల్లో, కారవాన్ జనం 18లో ఉంటారు. 5, 35 ప్రమాదాలకి మాత్రమే. వెనకొచ్చే లారీ డ్రైవర్‌కి "నేను కొంచెం పక్కకి తీస్తున్నా, వెళ్లండి" అని చెప్పగలిగితే ఇద్దరికీ నెమ్మది.

మొదటి మూడు ప్రయాణాలు

మొదటిది ఇంటికి గంటన్నర లోపు, కరెంటు, స్నానాల గదులు ఉన్న కారవాన్ పార్కులో రెండు రాత్రులు. మెల్‌బోర్న్ వాళ్లకి బల్లారట్ చాలు. బుక్ చేసేటప్పుడు డ్రైవ్ త్రూ సైట్ అడగండి, వెనక్కి తోలే పనే ఉండదు. మధ్యాహ్నం మూడింటికల్లా చేరాలి. వెలుగుండగా విప్పడం, చీకట్లో విప్పడం రెండు వేర్వేరు పనులు.

రెండోది గ్రాంపియన్స్. ఈ నేల అసలు ప్రజలు గరివెర్డ్ అని పిలిచే కొండలు. వెస్టర్న్ హైవే మీద బల్లారట్, అరారట్ మీదుగా హాల్స్ గ్యాప్‌కి దాదాపు 250 కిలోమీటర్లు. సాయంత్రం ఊరి నడుమ మైదానంలోనే కంగారూలు మేస్తుంటాయి. ఎండాకాలంలో వెళ్లే ముందు మంటల హెచ్చరికలిచ్చే విక్ ఎమర్జెన్సీ యాప్ పెట్టుకోండి. 2024 డిసెంబరులో ఇక్కడ రేగిన మంటలు వారాల తరబడి ఆరలేదు, క్రిస్మస్ వేళ హాల్స్ గ్యాప్ ఖాళీ చేయాల్సి వచ్చింది. మంటల ప్రమాదం ఎక్‌స్ట్రీమ్ అనో కటాస్ట్రఫిక్ అనో ఉన్న రోజు అడవిలో ఉండకండి, డబ్బు పోయినా బుకింగ్ మానుకోండి. టోటల్ ఫైర్ బ్యాన్ రోజున కట్టెలు గానీ బొగ్గులు గానీ వెలిగించకూడదు.

మూడోది, కరెంటు లేని చోట. ముర్రే నది ఒడ్డున ఎచుకా, బార్మా వైపు బాగుంటుంది. బార్మా నేషనల్ పార్కు, నది అవతల న్యూ సౌత్ వేల్స్ వైపు అడవి కలిస్తే ప్రపంచంలోకెల్లా పెద్ద రివర్ రెడ్ గమ్ అడవి. ఒక్క జాగ్రత్త: ఎంత చల్లటి నీడ అయినా ఆ చెట్ల కొమ్మల కింద గుడారం వేయొద్దు. గాలి లేని ఎండరోజున కూడా పెద్ద కొమ్మ ఉన్నట్టుండి విరిగి పడుతుంది. తల పైకెత్తి చూసి, చెట్టుకి దూరంగా, ఎండపడినా సరే బయటే ఆగండి. మరుగుదొడ్డి లేని చోట నీటికి 100 మీటర్ల దూరంలో 15 సెంటీమీటర్లు తవ్వి పూడ్చాలి.

అక్కడినుంచి సౌత్ ఆస్ట్రేలియా వైపు సాగాలనిపిస్తే ఫ్రిజ్ చూసుకోండి. యాంబా, పినరూ లాంటి చోట్ల పండ్ల ఈగ కోసం తనిఖీ ఉంటుంది. పచ్చిమిరపకాయలు, టమాటాలు, మామిడిపండ్లు సరిహద్దు దాటకూడదు, దాచి దొరికితే జరిమానా. వండిన కూర, ఊరగాయ ఫరవాలేదు. నేను ముందురోజే మిగిలిన పచ్చిమిర్చంతా టమాటా పచ్చడి చేసేస్తాను.

ఒంటరిగా ఉన్నప్పుడు

ఎక్కడికి వెళ్తున్నారో, ఏ రోజు ఏ టైముకి ఫోన్ చేస్తారో ఒక మనిషికి రాసి ఇవ్వండి. ఆ టైముకి ఎన్ని గంటలు దాటితే పోలీసులకి చెప్పాలో కూడా రాయండి. సిగ్నల్ లేని చోటికి వెళ్లేముందు పీఎల్‌బీ (ఆపదలో ఉపగ్రహానికి సంకేతం పంపే చిన్న పరికరం) కొని, ఆమ్సా అనే ప్రభుత్వ సంస్థలో ఉచితంగా నమోదు చేసుకోండి. పాము కరిచినా, కాలు విరిగినా ఒక మీట నొక్కితే ఉపగ్రహం ద్వారా మీరున్న చోటు తెలుస్తుంది. ఫోన్‌లో ఎమర్జెన్సీ ప్లస్ యాప్ ఉంటే ఇక్కడి అత్యవసర నంబరు 000కి ఫోన్ చేసినప్పుడు ఉన్న చోటు అంకెలతో చదివి చెప్పొచ్చు.

ఆడవాళ్లకి నేను చెప్పేది ఇంకొంచెం. కారు ముక్కు దారివైపు ఉండేలా ఆపండి, తాళంచెవి ఎప్పుడూ పరుపు పక్కన ఒకే చోట. "ఒక్కరే వచ్చారా?" అని ఎవరైనా అడిగితే నిజం చెప్పి తీరాలన్న రూలు లేదు. "మా వాళ్లు వెనక వస్తున్నారు" అనండి. ఏ కారణమూ లేకుండా ఒక చోటు మనసుకి నచ్చకపోతే ఆ మనసు మాటే వినండి. ఇందుకే చెబుతున్నాను, వెలుగుండగా చేరాలని. నేను ఒకసారి గుడారం సగం విప్పి మళ్లీ మడిచి, 20 కిలోమీటర్ల దూరంలో ఊళ్లో కారవాన్ పార్కుకి వెళ్లిపోయాను. అక్కడ పక్క సైట్‌లో పెద్దాయన, ఆయన భార్య టీ ఇచ్చారు. ఎక్కువగా ఎదురయ్యేది ఇలాంటి మనుషులే.

తిరిగొచ్చాక

ఆదివారం పొద్దున మంచు తడితో మడిచి, ఇంటికొచ్చి, సోమవారం ఆఫీసు, వారమంతా పని, శనివారం తెరిచేసరికి నా గుడారం మూలల్లో నల్లచుక్కలు మొదలయ్యాయి. వెనిగర్ నీళ్లతో తుడిచి, ఎండబెట్టి కొంతవరకు ఆపగలిగాను గానీ ఆ మచ్చలు ఇంకా ఉన్నాయి. తడిగా మడవక తప్పని రోజులొస్తాయి, అలా మడిచినప్పుడు పరుపుకీ కాన్వాసుకీ మధ్య ఒక ప్లాస్టిక్ పట్టా పరవండి. రెండు రోజుల్లోపు ఎక్కడైనా సరే విప్పి ఆరబెట్టండి. డ్రైవ్‌వే చాలు, సాయంత్రం ఆఫీసు నుంచి వచ్చాక అయినా చాలు. ఫ్రిజ్ మూత కొంచెం తెరిచి మధ్యలో ఒక గుడ్డ ముక్క పెట్టండి. నీళ్ల ట్యాంకు ఖాళీ చేయండి. పోపు డబ్బాలో ఏది అయిపోయిందో ఆ రాత్రే రాసి డబ్బా మూతకి అంటించండి, మళ్లీ బయల్దేరే రోజుకి గుర్తుండదు.